ఉప్పుకాగితం చెట్టు

వరద తీసిన తరవాతి ఆదివారం
కడియపులంకలో చచ్చిన కుండీలు పారబోస్తున్నారు.
ఏసుపాదం నర్సరీ వెనక, విరిగిన క్రోటన్ల మధ్య
బెత్తెడు నీలం పళ్లెంలో
జానెడు ముసలి చెట్టొకటి పక్కకి ఒరిగి ఉంది.
మెడకి కట్టిన చీటీ మీద సిరా గోదాట్లో కలిసిపోయి
ఒక్క సున్నా మిగిలింది,
అక్షరం పక్కదో, ధర చివరిదో.

"ఏం చెట్టయ్యా ఇది?"
"ఫైకస్ అనుకోండి సార్. నలభై ఇవ్వండి."

మండపేటలో రక్తం చూసే ఉద్యోగం నాది.
గాజుపలక మీద మలేరియా పురుగుని
ఇంటిపేరుతో సహా పిలవగలను.
ఈ జానెడు దాని ముందు నిరక్షరాస్యుణ్ణి.

గ్లవ్స్ తియ్యకుండానే ఆకు నలిపాను. వాసన లేదు.
తుంచితే పాలు. పాలున్నవి ఎన్నని,
జిల్లేడు, గన్నేరు, బొప్పాయి.
చీకటి పడితే ముడుచుకుంటుందేమోనని కాపలా కాశాను.
ముడుచుకోలేదు. చింత కాదు. నెగటివ్.
కాలేజీలో బోటనీ చెప్పే శేషారత్నం గారు
భూతద్దం దింపి
"పువ్వు రానీయండి, చెబుతాను" అన్నారు.
పువ్వు దాకా బతకాలి కదా.

బతకనిచ్చిందెక్కడ? పూటపూటా నీళ్లు పోశాను.
ఎక్కువైన నీళ్లు లంకల్ని ముంచుతాయని తెలుసు,
పళ్లేన్నీ ముంచుతాయని తట్టలేదు.
వారంలో పదహారు ఆకులు రాలాయి.
ప్లేట్‌లెట్లు రాసుకున్నట్టు
తేదీ వేసి రాసుకున్నాను.

చివరికి గ్లవ్స్ తీసి గోటితో బెరడు గీరాను.
పై కొమ్మ, ఎండు గోధుమరంగు.
దాని కింది కొమ్మ, అదే.
మొదలు దగ్గర, వడ్లగింజంత మేర,
పచ్చ.
కుర్చీ లాక్కుని కాసేపు కూర్చుండిపోయాను.

పళ్లెం బోర్లిస్తే గారెపిండిలా ఒండ్రు,
మురుగుకాలవ వాసన వేస్తున్న వేళ్లు.
నల్లబడ్డవి కత్తిరించాను, స్పిరిటు తుడిచిన కత్తెరతో.
బట్టీలో ఏరిన ఇటుక నలుసులు, రేవు ఇసక,
మా ఆవిడ గోధుమల జల్లెడలో పట్టి
ఆమె తిట్లతో సహా కలిపి నింపాను.
కొమ్మకి ఎవరో ఎప్పుడో చుట్టిన రాగితీగ
బెరట్లోకి దిగిపోయి ఉంది.
వంకీ వంకీ తెంపి లాగాను.
ఒక్క ముక్క రాలేదు.
మింగేసింది. అదిక దాని సొంతం.

ఆశ్వయుజం వెళ్తూ వెళ్తూ
చీమ తలకాయంత మొటికలు రెండు పెట్టి వెళ్లింది.
ఎవరికీ చెప్పలేదు. చెబితే రాలిపోతాయేమోనని.

కార్తీకంలో షుగరు పరీక్షకి
కొమ్మోజు వీరభద్రాచారి గారొచ్చారు,
నలభయ్యేళ్లు పడవలు చెక్కిన చేతులు.
వేలు గుచ్చి, దూది అదిమి పట్టమన్నాను.
అదమకుండా కిటికీ దగ్గరికి నడిచి
కొత్త ఆకుని రెండువేళ్ల మధ్య పెట్టి
కళ్లు మూసుకుని రాశారు.
గరగర.

"ఆయ్! బర్రెంకండీ ఇది.
ఉప్పుకాగితం కొనలేని రోజుల్లో
దీని ఆకుతోనే నునుపు తేల్చేవోళ్లం చెక్కని.
మీరు బండి ఆపుకునే కాలవగట్టు మీద
మేకలు తినగా మిగిలిందంతా ఇదే కదండీ."

సొరుగులోంచి చీటీ తీసి చూశాను.
నడుమ సున్నా సరిపోయింది.

నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నతనం వేసింది.
ఓడెక్కి జపాను నుంచి వచ్చిందనుకున్నాను.
మూడు నెలలూ రోజూ ఆ పొదల పక్కనే స్టాండు వేసి
దీని ఊరేదో, పేరేదో అని
బెంగపడుతూ మెట్లెక్కాను.

ఆయన ఇంకా ఆకు వదల్లేదు.
"ఓ పుల్ల విరుచుకోనా?
దీంతో పళ్లు తోముకుని ఎన్నాళ్లైందో."

ఉన్నవి మూడు కొమ్మలు.
ఆయన వేలి చివరి ఎర్రచుక్క
ఆకు గరుకులో ఇంకుతోంది.

"మళ్లీ పరీక్షకి రండి," అన్నాను,
"చూద్దాం."